బండి ఎత్తు, అవ్వ కాలెత్తు

ముప్పై రెండేళ్ళ ప్రభుత్వ డ్రైవరు ఉద్యోగంలో నాకు వచ్చిన మెమోలు రెండే రెండు. రెండూ ఒకే బండి గురించి, ఒకే నెలలో వచ్చాయి. అనుమతి లేని చోటికి బండి తీసుకుపోయినందుకు ఒకటి, అనుమతి లేకుండా బండికి మెట్టు బిగించినందుకు ఇంకొకటి. యాక్సిడెంటు చేసినందుకు కాదు, డీజిలు అమ్ముకున్నందుకు కాదు, తాగి నడిపినందుకు కాదు. మెట్టు బిగించినందుకు! రిటైరై మూడేళ్ళు దాటినా ఆ కాగితాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే మా ఇంటావిడ వాటిని బీరువాలో బట్టల అడుగున ఎక్కడో పెట్టి, ఎక్కడ పెట్టిందో చెప్పడం మానేసింది.

ఇప్పుడు మళ్ళీ ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన వారం మా వీధిలో కొత్తగా జీపు కొన్న ఒకతను నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, ఉదయగిరి కొండ దోవల్లో తిరిగే మాదిరి చేయిద్దామనుకుంటా ఉండా. బండిని లేపేదానికి రెండంగుళాల లిఫ్టు చాలా, నాలుగు ఏపించేదా? టైరు ఏ సైజు బాగుంటాది?"

"అది సరే, నీ బండి ఎక్కేదెవురు?" అన్నాను.

"నేనూ నా ఫ్రెండ్సూ. ఇంకెవురెక్కతారు?"

"మీ అవ్వ ఎక్కదా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఎక్కేదెవరన్న ఆ ప్రశ్న నాది కాదు. ఒకప్పుడు నన్ను ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న. అడిగిన రోజే నేను బుద్ధిగా జవాబు చెప్పి ఉంటే ఈ మెమోలూ ఉండేవి కావు, ఈ మంటా ఉండేది కాదు. కాబట్టి బండ్లు లేపాలని ఉబలాటపడే వాళ్ళూ, కొత్తగా స్టీరింగు పట్టిన వాళ్ళూ కాస్త ఓపిగ్గా వినండి.

మా ఆఫీసు ఆత్మకూరులో. నా డ్యూటీ ఉదయగిరిలో. కొండ వెనకాల తారురోడ్డు లేని పల్లెలు కొన్ని ఉన్నాయి. గొర్రెలు, మేకలు పెంచుకుని బతికేవాళ్ళ ఊళ్ళు. అంబులెన్సు తారురోడ్డు చివర నిలబడి ఫోన్ చేస్తుంది, లోపలికి రాదు. అందుకని మందులనూ, బీపీ, షుగరు చూసే సిస్టరమ్మనూ ఆ ఊళ్ళకు తీసుకుపోవడానికి మాకో ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఇచ్చారు. వెనక భాగంలో ఒక మనిషి పడుకునే బల్ల, పక్కన మందుల పెట్టె. పేషెంటు వెనక తలుపు నుంచి ఎక్కి బల్ల మీద కూర్చోవాలి. అత్యవసరమైతే అదే అంబులెన్సు.

బండి మంచిదే. కానీ ఆ దోవ మనిషి నడిచేది కాదు, మేక నడిచేది. దోవ నడుమ రాళ్ళు లేచి ఉంటాయి. ఒకసారి ఇంజను కింద ఆయిలు గిన్నె రాయికి తగిలి పగిలింది. ఇంకోసారి వెనక ఇరుసు నడుమ గుండులా ఉండే భాగం రాతి మీద కూర్చుని, బండి కదలక, పల్లె జనమంతా వచ్చి నెట్టారు. బండిని కొంచెం లేపించండి, కొంచెం పెద్ద టైర్లు ఇప్పించండి అని అర్జీ పెట్టింది నేనే. ఈ పాపంలో మొదటి పిడికెడు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ సమయానికి ఆత్మకూరు ఆఫీసుకు కొత్త సారు వచ్చారు. చురుకైన మనిషి. నా అర్జీ చూసి వెంటనే ఒప్పుకున్నారు. నేను పొంగిపోయాను. ఒక్క అర్జీకే ఒప్పుకున్న ఆఫీసరును అంతకుముందు నేను చూసి ఎరగను.

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద ఒక షెడ్డు ఉంది. దాని ఓనరును అందరమూ భాయ్ అంటాం. నాకంటే పెద్దవాడు. జీపుల కింద పడుకుని పడుకుని జుట్టు నెరిసింది. బండిని ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చాలాసేపు కింద దూరి చూసి, లేచి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇదిగో విను. లిఫ్టంటే స్ప్రింగు కమాన్ల కాడ దిమ్మెలేసి బాడీని లేపడం. ఆయిలు గిన్నె లేస్తాది. ఇరుసు గుండు లేవదు. దాన్ని లేపేది టైరే. నీ దోవకు రెండంగుళాల లిఫ్టు, ఒక సైజు పెద్ద టైరు. అంతకు మించితే టైరు పోయి మడ్గార్డుకు రాసుకుంటాది, ఇంజను లాగలేక మూలగతాది, బ్రేకు ఆలస్యంగా పట్టతాది."

నేను నా టేపుతో అన్నీ కొలిచి పెట్టుకున్నాను. రాళ్ళ ఎత్తు, వాగు లోతు, గుండు ఎత్తు, అన్నీ ఒక కాగితం మీద ఉన్నాయి. గర్వంగా చూపించాను. ఆయన దాన్ని చూసి తల ఊపాడు.

"బాగుండాది. ఎక్కేవోళ్ళెవురు?"

"జనం."

"జనమంటే?"

"జనమంటే జనమే భాయ్. పల్లె జనం."

"వాళ్ళ కొలత ఏదీ ఇందులో?"

నేను నవ్వాను. తమాషాకు అంటున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "వెనకాల మెట్టు ఒకటి కావాల. రాళ్ళకు తగలకుండా మడత పెట్టేది చేస్తా" అన్నాడు.

మరునాడు సారు స్వయంగా షెడ్డుకు వచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో ఎక్కడో ఇసుక దిబ్బల మీద ఎగిరే జీపుల బొమ్మలు. "నాలుగంగుళాలు లేపండి. టైర్లు ఇవి కావాలి" అని ఒక బొమ్మ చూపించారు. ఆ టైర్ల ముందు మనిషి నిలబడితే నడుము దాకా ఉన్నాయి.

భాయ్ మర్యాదగానే చెప్పాడు. "సార్, ఈ సైజు ఏస్తే స్టెప్నీ వెనక తలుపు మింద నిలవదు. లోపల పెట్టుకోవాల. పేషెంటు జాగా పోతాది."

"లోపల పెట్టండి."

"మెట్టు సార్..."

"మెట్టు వద్దు. ఉన్న ఫుట్‌బోర్డు కూడా తీసెయ్యండి. పాత డొక్కు వ్యానులా కనిపిస్తోంది. లుక్కు పోతుంది."

లుక్కు! మందుల బండికి లుక్కు! పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఒక మాట అనేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది. భాయ్ నా వైపు చూశాడు, నువ్వన్నా చెప్పరాదా అన్నట్టు. నేను నేల వైపు చూశాను.

బండి తయారైంది. ట్రయల్ రన్‌కు సంగం దాకా నడిపాను. ఇక్కడ ఇంకో నిజం చెప్పాలి. అంత ఎత్తు సీట్లో కూర్చునేసరికి నాకూ పొగరెక్కింది. ఆటోలూ బస్సులూ కిందుగా కనిపించాయి. అక్కడి బ్యారేజీ దగ్గర ఆపితే నలుగురు చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నారు. తిరిగొచ్చి, సారు ముందు పెట్టిన కాగితంలో 'ట్రయల్ రన్ తృప్తికరం' అన్న మాట కింద సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

మొదటి రౌండుకు సారు కూడా వచ్చారు. ఆయన ఎక్కడానికి అటెండరు ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి తలుపు దగ్గర వేశాడు. సారు దాని మీద కాలు పెట్టి ఎక్కారు, స్టూలూ మాతోనే బండెక్కింది. చూశారా? ఆయన కాలికి మెట్టు అవసరమైంది. ఆఫీసుకు తిరిగి వచ్చాక సారు దిగగానే అటెండరు ఆ స్టూలును లోపలికి తీసుకుపోయాడు. "బండిలో ఉంచయ్యా" అంటే "ఆఫీసు సామాను అన్నా, స్టాకులో ఉండాది, ఇస్తే నా మెడకు చుట్టుకుంటాది" అన్నాడు. వాడి తప్పేముంది, పాపం.

స్టూలు లేని రెండో రౌండులో పల్లెల్లో ముసలివాళ్ళు బండి చుట్టూ తిరిగి చూసి వెళ్ళిపోయారు. ఒక పల్లెలో ఒక అవ్వ ఉండేది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, కానీ నోరు మాత్రం అరగలేదు. నెలనెలా అందరికంటే ముందు వచ్చి బీపీ చూపించుకునేది. ఆ రోజు వెనక తలుపు పట్టుకుని ఒక కాలు లేపి, దించి, మళ్ళీ లేపి, దించింది.

"ఏంది నాయనా, బండికి ఇంత పొగరు పట్టించినారు? ముసిలిదాన్ని చూసి పైకి లేచి నిలబడిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిస్టరమ్మ నవ్వలేదు. కిందికి దిగి రాయి మీద కూర్చోబెట్టి బీపీ చూసింది. "ఇట్టయితే ఎట్టన్నా? కడుపుతో ఉన్నోళ్ళను ఏ మాదిరి ఎక్కించేది?" అని తిరుగు దోవ అంతా నన్ను సాధించింది. సారుకు చెప్తాలే అన్నాను. చెప్పలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ గడిపాను.

వానాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే అదే పల్లె నుంచి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. అవ్వ మనవడి పెళ్ళానికి నొప్పులు మొదలయ్యాయి, ఉమ్మనీరు కూడా పోయింది. రెండో కాన్పు. ఆ మనవడు మందను తోలుకుని సోమశిల దిక్కుకు మేపుకు పోయాడు. ఊళ్ళో మగాళ్ళంతా మందల వెనకే ఉన్నారు. మిగిలింది ఆడవాళ్ళూ ముసలివాళ్ళే. నేనూ సిస్టరమ్మా బయల్దేరాం.

వాగు పారుతోంది. అబద్ధం చెప్పను, ఆ పెద్ద టైర్లతో బండి వాగును హాయిగా దాటింది. ఒక్క రాయి కూడా అడుగున తగల్లేదు. పాత ఎత్తులో ఉంటే ఆ రోజు ఇవతలి గట్టునే ఆగిపోయేవాళ్ళం. రెండంగుళాలు లేపినా సరిపోయేదని భాయ్ తర్వాత అన్నాడు. ఆయన మాట నిజమే అయ్యుంటుంది.

ఇంటి ముందు బండి ఆపి వెనక తలుపు తీశాను. అవ్వా, సిస్టరమ్మా ఆ అమ్మాయిని చెరోవైపు పట్టుకుని తెచ్చారు. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్ళుంటాయి. తలుపు దగ్గర నిలబడి పైకి చూసింది. బండి నేల ఆమె తొడలకు పైనే ఉంది. కాలు లేపబోయి కడుపు పట్టుకుని అరిచింది.

ఎత్తి ఎక్కిద్దామంటే లోపల బల్ల పక్కన సగం జాగా ఆ దిక్కుమాలిన స్టెప్నీ ఆక్రమించింది. లోపల నిలబడి అందుకోవడానికి చోటు లేదు. "చేతులు పట్టి లాగొద్దు, బిడ్డకు ప్రమాదం" అని సిస్టరమ్మ అరిచింది. కుర్చీ ఉందా అంటే ఆశా కార్యకర్త పరుగెత్తి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. వాన నేల. కుర్చీ కాళ్ళు బురదలో దిగబడి పక్కకు ఒరిగింది. ఆమె పడబోతే అందరం కలిసి పట్టుకున్నాం. గోరుచుట్టు మీద రోకటి పోటు!

అప్పుడు ఆ అవ్వ చేసిన పని చెప్పాలి. కొంగు నడుముకు బిగించి, ఆ అరిగిపోయిన మోకాళ్ళు బురదలో ఆనించి, తలుపు ముందు వంగింది.

"నా వీపు మింద కాలు పెట్టి ఎక్కు అమ్మీ. ఎక్కు."

ఆ అమ్మాయి వెనక్కి జరిగింది. "నేను తొక్కను అవ్వా. నిన్ను తొక్కేదా? నా బిడ్డకు పాపం తగలతాది."

"పాపం నాకు రానీలే. ఎక్కు!"

"ఎక్కను!"

నొప్పి మీద నొప్పి వస్తోంది, ఆమె ఏడుస్తోంది, ఎక్కడం లేదు. నేను అవ్వను లేపి నేను వంగాను. "నీ మింద కాలు పెట్టేదా అన్నా" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. బురదలో మోకాళ్ళ మీద ఉన్న నాకు ఎదురుగా ఆ టైరు కనిపించింది. నల్లగా, కొత్తగా, పెద్దపెద్ద పళ్ళతో. తృప్తికరం అని సంతకం పెట్టిన చెయ్యి ఆ బురదలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అవ్వే తెలివి చెప్పింది.

"దిబ్బ కాడికి పోనీ నాయనా. గొర్రెల్ని ఎక్కించే దిబ్బ కాడికి."

ఆ పల్లెల్లో గొర్రెల్ని అమ్మినప్పుడు సంత లారీలు వస్తాయి. గొర్రెల్ని ఒక్కొక్కటిగా ఎత్తలేరు కదా. అందుకని ఊరి చివర రాళ్ళూ మట్టీ పోసి, ఒకవైపు ఏటవాలుగా, ఇంకోవైపు లారీ ఎత్తుకు సరిగ్గా నిలువుగా ఒక దిబ్బ కట్టుకున్నారు. లారీ వెనక్కి వచ్చి దానికి ఆనుతుంది. గొర్రెలు ఏటవాలు ఎక్కి నేరుగా లారీలోకి నడుస్తాయి. ఏ ఇంజనీరూ గీసివ్వలేదు. ఎక్కేది గొర్రె అని వాళ్ళు మొదట గుర్తు పెట్టుకున్నారు, అంతే.

బండిని వెనక్కి నడిపి దిబ్బకు ఆనించాను. దిబ్బ అంచూ బండి నేలా దాదాపు సమానంగా కుదిరాయి. దిబ్బ నిండా తడిసిన పెంటికలు. అవ్వ తన భుజం మీది గొంగడి తీసి దాని మీద పరిచింది. ఆ అమ్మాయి ఏటవాలు మీద మెల్లగా నడిచి పైకి వచ్చి, ఒక్క అడుగు వేసి బండిలోకి వచ్చింది. ఆమె వెనక సిస్టరమ్మ, ఆ వెనక అవ్వ.

తలుపు వేస్తుంటే అవ్వ నాతో అంది. "ఏడాదికి రెండుమార్లు గొర్రెల్ని ఎక్కిస్తాం ఈడ. మనిషిని ఎక్కించేది ఇదే మొదులు."

ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు అంది. అందుకే ఇంకా కాలింది.

ఉదయగిరి ఆస్పత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం బాగా పోయింది, కానీ నిలదొక్కుకుంది. "ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను" అన్నారు డాక్టరమ్మ. ఆ ఆలస్యమంతా దోవలో జరిగింది కాదు. నా బండి వెనక తలుపు దగ్గర జరిగింది.

ఆ సాయంత్రం లాగ్‌బుక్కులో ఇలా రాశాను: 'బండి ఎత్తు వల్ల గర్భిణి ఎక్కలేకపోయినందున గొర్రెలను ఎక్కించు దిబ్బ వద్దకు తీసుకుపోయి ఎక్కించడమైనది.' అన్నేళ్ళ సర్వీసులో లాగ్‌బుక్కులో నేను రాసిన మొదటి నిజమైన వాక్యం అదేనేమో.

సారు పిలిపించారు. "ఏంటయ్యా ఇది? గొర్రెల దిబ్బ ఏంటి? పైవాళ్ళు చూస్తే ఆఫీసు పరువు ఏం కావాలి?"

"అది గొర్రెల దిబ్బే సార్."

"ఎత్తయిన ప్రదేశం అని రాయొచ్చు కదా! ఆ పేజీ మార్చి రాయి."

"రాయను సార్."

నాకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట దానంతట అదే బయటికి వచ్చేసింది. సారు లాగ్‌బుక్కు మూసి, "ఆ దిబ్బ నీ రూట్ మ్యాపులో ఉందా?" అని అడిగారు. లేదు. ఊరి చివర, నిర్ణయించిన ఆగే చోటుకు అవతల ఉంది. మూడో రోజున మొదటి మెమో వచ్చింది.

ఒక బిడ్డ బతికింది. తల్లి బతికింది. ప్రభుత్వం నన్ను అడిగిన ప్రశ్న, బండిని అటు ఎందుకు తిప్పావు అని! రక్తం మరగదా మరి?

నేరుగా భాయ్ షెడ్డుకు పోయాను. మెమో చూపించాను. జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "నీకు అప్పుడే చెప్పినా కదరా" అనలేదు. అనే హక్కు ఉంది, అయినా అనలేదు.

"కొలత పట్టుకురా. ఈ మారు రాళ్ళది కాదు" అన్నాడు.

టేపు జేబులో పెట్టుకుని పల్లెకు వెళ్ళాను కానీ అవ్వను చూశాక దాన్ని బయటికి తీయాలనిపించలేదు. మందుల పెట్టెకు కట్టిన పురికొస దారం విప్పాను. ఇంటి గోడకు చెయ్యి ఆనించి నిలబడమన్నాను.

"అవ్వా, నొప్పి లేకుండా ఎంత ఎత్తుకు కాలు లేపగలవో లేపు."

"ఎందుకు నాయనా, డాన్సు చేయిస్తావా?" అంటూనే కాలు లేపింది. జానెడు దాటి ఇంకొంచెం పోయి ఆగింది. "ఇంతే. ఆ పైన సూదులు గుచ్చినట్టు ఉంటాది." నేల మీద నుంచి ఆమె పాదం దాకా దారం పట్టి, అక్కడ ఒక ముడి వేశాను.

భాయ్ ఆ ముడి ఎత్తుకు కింది పలక వచ్చేట్టు, దాని పైన ఇంకొక పలక వచ్చేట్టు మడత మెట్టు చేశాడు. రాళ్ళ దోవలో పైకి మడిచి కొక్కెం వెయ్యొచ్చు, ఊళ్ళో దించుకోవచ్చు. స్టెప్నీని లోపల నుంచి తీసి టాపు మీదికి ఎక్కించి కట్టాడు. తరువాతి రౌండులో అవ్వ అందరికంటే ముందు వచ్చింది. కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. బల్ల మీద కూర్చుని, బీపీ పట్టీకి చెయ్యి చాపుతూ నన్ను అడిగింది.

"ఈ ఇనప ముక్క ముందరే పెట్టుంటే ఏం పోయుండేది నాయనా? ఎవురూ నీకు చెప్పలేదా?"

చెప్పారు అవ్వా, భాయ్ చెప్పాడు, సిస్టరమ్మ చెప్పింది, నువ్వు కూడా నీ నోటితో చెప్పావు, నేనే నవ్వి ఊరుకున్నాను. ఈ మాట ఆమెతో అనలేకపోయాను. మందుల పెట్టె సర్దుతున్నట్టు నటించాను.

మెట్టు సంగతి సారుకు తెలిసింది. రెండో మెమో వచ్చింది. ప్రభుత్వ వాహనానికి అనుమతి లేకుండా మార్పు చేసితివి, సదరు మెట్టును ఏ ప్రమాణం ప్రకారం, ఏ కొలత ఆధారంగా బిగించితివో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

ఇంతకాలం సంజాయిషీలు ఎలా రాస్తారో నాకు తెలుసు. పొరపాటు జరిగినది, మన్నించ ప్రార్థన, ఇకముందు జాగ్రత్త వహించగలను. ఆ పద్ధతిలో రెండు వాక్యాలు రాసి, చించేశాను. కొత్త కాగితం తీసుకుని మెమో నంబరు వేసి, కింద ఒక్క ముక్క రాశాను: 'కొలత జతపరచడమైనది.' ఆ పురికొస దారాన్ని ముడి కనపడేట్టు కాగితానికి పిన్ను కొట్టి, ఆత్మకూరు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

దానికి జవాబు రాలేదు. మెట్టు తీసెయ్యమని కూడా ఎవరూ అనలేదు. నేను రిటైరైన రోజు దాకా అది బండికే ఉంది, ఇప్పటికీ ఉందని సిస్టరమ్మ చెప్పింది. దారం మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. ఆ ఫైలులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. మా శాఖ కాగితాలన్నిటిలో ఎక్కేవాళ్ళ కొలత ఉన్నది ఆ ఒక్క కాగితం మీదే.